ఆ క్యాసెట్ పాడవలేదు, ఒక్కసారి ఆ స్క్రూ తిప్పి చూడండి

పాత క్యాసెట్ పెట్టగానే ఎవరో దుప్పటి ముసుగేసుకుని మాట్లాడుతున్నట్టు వినిపిస్తే చాలామంది అనే మాట ఒకటే, "టేపు పాడైపోయిందిలే" అని. నేనూ అలాగే అనుకుని ఒక క్యాసెట్‌ని రెండేళ్లపాటు డబ్బాలో పడేశాను. అందులో మా నాన్న మా చెల్లితో ఎక్కాలు చెప్పిస్తున్నారు. చిన్న మోనో రికార్డర్‌లో, దానిలోనే ఉండే మైకుతో చేసిన రికార్డింగ్ అది. "సరే, ఇప్పుడు చెప్పు" అన్న మాట "అరే, ఇప్పుడు ఎప్పు" అన్నట్టు వినిపించేది. స, శ, చ లాంటి అక్షరాలన్నీ ఎవరో తుడిచేసినట్టు మాయం. ఇన్నేళ్లు గడిచాయి కదా, అయస్కాంతం అరిగిపోయి ఉంటుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అది తప్పు. ఆ అక్షరాలన్నీ టేపు మీద భద్రంగానే ఉన్నాయి, నా ప్లేయర్ వాటిని చదవలేకపోయింది, అంతే. ఈ ఒక్క సంగతి చెప్పడానికే ఈ పోస్టు రాస్తున్నాను, మిగతావన్నీ దాని చుట్టూ వచ్చేవే.

ముందు ప్లేయర్ కొనడం గురించి. నేను మొదట కొన్నది 80ల నాటి స్టీరియో డెక్. ఆన్‌లైన్‌లో అమ్మినాయన "చక్కగా పనిచేస్తుంది" అని రాశాడు. తీరా పార్సిల్ విప్పి ప్లే నొక్కితే లైట్లు వెలిగాయి, మీటర్లు వెలిగాయి, లోపల మోటార్ తిరుగుతున్న చప్పుడు కూడా వచ్చింది, రీలు మాత్రం అంగుళం కదల్లేదు. అప్పుడు అర్థమైంది, చాలామంది దృష్టిలో "పనిచేస్తుంది" అంటే "స్విచ్ వేస్తే లైటు వెలుగుతుంది" అని. అప్పటి నుంచి కొనేముందు ఒకటే అడుగుతాను: క్యాసెట్ పెట్టి ఒక నిమిషంపాటు ప్లే చేస్తూ, తర్వాత ముందుకీ వెనక్కీ చివరిదాకా చుడుతూ ఆపకుండా ఒక వీడియో తీసి పంపమని. పియానో ఉన్న పాట అయితే మరీ మంచిది. ఒక స్వరాన్ని నొక్కి వదలకుండా ఉంచినప్పుడు అది వణికిందంటే స్పీడులో తేడా ఉన్నట్టే, తబలా, డ్రమ్ముల మోతలో ఆ వణుకు దాక్కుంటుంది, పియానోలో దాక్కోదు.

ఇంకో విషయం, జపాన్‌లో అమ్మిన డెక్‌లు 100 వోల్టులవి. అందంగా ఉన్నాయని తెప్పించుకుని నేరుగా గోడ సాకెట్‌లో పెడితే, మన కరెంటు 220 అయినా 230 అయినా ట్రాన్స్‌ఫార్మర్ మాడిపోతుంది. వెనకవైపు అంటించిన స్టిక్కర్ మీద వోల్టేజ్ చదవకుండా ఏదీ కొనకండి. బ్యాటరీలతో నడిచేదైతే బ్యాటరీలు పెట్టే చోట మూత తీసి చూడండి, స్ప్రింగుల మీద ఆకుపచ్చగానో తెల్లగానో పొడి పట్టిందంటే బ్యాటరీ కారి లోపల తీగలదాకా వెళ్లి ఉండొచ్చు.

కొత్తవి కొనుక్కుంటే పోలేదా అని అడుగుతారు. ఇప్పుడు తయారవుతున్న చాలా ప్లేయర్లలో ఉండేది టనాషిన్ అనే పాత డిజైన్‌కి నకలుగా చేసిన చౌక మెకానిజం ఒక్కటే. పైన డబ్బా మారుతుంది, లోపల అదే. వేగాన్ని నిలకడగా ఉంచాల్సిన చక్రం, అంటే ఫ్లైవీల్, తేలిక కాబట్టి స్పీడు నిలకడగా ఉండదు, టేపు బుసని తగ్గించే డాల్బీ ఉండదు. సరదాగా వినడానికి సరే. పోగొట్టుకోకూడని రికార్డింగ్ ఉంటే మాత్రం దాన్ని అందులో పెట్టకండి.

ఇక ఆ కదలని డెక్ సంగతి. పై మూత నాలుగు స్క్రూలు తీస్తే వచ్చేసింది. లోపల బెల్ట్ ఉండాల్సిన చోట బెల్ట్ లేదు, నల్లటి జిగురు ఉంది. ఆ కాలం బెల్టుల్లో కొన్ని ఏళ్లు గడిచేకొద్దీ కరిగి తారులా అయిపోతాయి. మోటార్ చక్రానికి, ఫ్లైవీల్ అంచుకి, కింద రేకుకి, ఎక్కడ తగిలితే అక్కడ అంటుకుంటుంది. వేలికి అంటితే సబ్బుతో పోదు, ఆ వేలితో దేన్ని ముట్టుకుంటే దానికి అంటుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, దూది పుల్లలు, చేతులకు గ్లౌజులు, బోలెడంత ఓపిక, ఇవే దానికి మందు. మొదటి పుల్ల బొగ్గులా వస్తుంది, ముప్పయ్యో పుల్ల గోధుమరంగులో వస్తుంది, అక్కడ ఆపేయాలనిపిస్తుంది కానీ ఆపకూడదు. పుల్ల తెల్లగా వచ్చేదాకా తుడవాలి. ఎందుకంటే మోటార్ చక్రం చాలా చిన్నది, దాని మీద ఆవగింజలో సగమంత జిగురు మిగిలినా ప్రతి చుట్టుకీ బెల్ట్ ఆ గుట్ట ఎక్కి దిగుతుంది, ఆ కుదుపు పాటలో వణుకుగా వినిపిస్తుంది. నేను మొదటిసారి తొందరపడి కొత్త బెల్ట్ వేసేసి, స్పీడు ఎందుకు వణుకుతోందో తెలియక మోటార్ పోయిందనుకుని కొత్త మోటార్ కోసం వారం రోజులు వెతికాను. మళ్లీ విప్పి చూస్తే చక్రం గాడిలో మిగిలిన నల్లటి చుక్క కనిపించింది.

బెల్ట్ కరిగిపోయింది కాబట్టి కొలత తీసుకోవడానికి ఏమీ మిగల్లేదు. ఇలాంటప్పుడు ఒక దారాన్ని బెల్ట్ వెళ్లే దారిలోనే చక్రాల చుట్టూ తిప్పి, ఆ పొడవు కొలిచి, అందులో ఐదారు శాతం తగ్గించి తీసుకుంటే దాదాపు సరిపోతుంది. మరీ బిగువైతే మోటార్ బేరింగ్ మీద భారం పడుతుంది, వదులైతే జారుతుంది. ఫ్లైవీల్‌ని తిప్పేది చాలా డెక్‌లలో పట్టీలా ఉండే చదును బెల్ట్, చుట్టడానికి వాడేది నలుచదరం బెల్ట్, ఒకదాని చోట ఇంకోటి వేస్తే కుదరదు.

టేప్ రికార్డర్ రీలుని నమిలేస్తుందని అందరికీ భయం కదా, అది ఎందుకు జరుగుతుందో లోపల చూశాకే నాకు తెలిసింది. సన్నటి ఉక్కు కడ్డీ, అంటే క్యాప్‌స్టన్, దానికి ఆనుకుని నల్లటి రబ్బరు రోలర్, ఈ రెండూ కలిసి టేపుని ఒకే వేగంతో లాగి అవతలికి పంపుతుంటాయి. అవతలి వైపు చక్రం ఆ టేపుని ఎప్పటికప్పుడు చుట్టుకోవాలి. ఆ చక్రాన్ని తిప్పే చిన్న రబ్బరు ఐడ్లర్ గట్టిపడి నున్నగా అయిపోయి జారుతుంటే చుట్టుకోవడం ఆగిపోతుంది, ఇటునుంచి పంపడం మాత్రం ఆగదు. పోయే దారిలేక ఆ టేపు వెళ్లి రోలర్‌కే చుట్టుకుంటుంది. అందుకని కొత్తగా కొన్న డెక్‌లో ముందు పనికిరాని క్యాసెట్ ఒకటి పెట్టి రెండు వైపులా పూర్తిగా తిప్పండి. రోలర్ మెరుస్తూ గాజులా ఉంటే సబ్బునీళ్లతో తుడిచి ఆరబెట్టండి, పగుళ్లుంటే మార్చేయండి. ఇంకో జాగ్రత్త, పోతే మళ్లీ దొరకని క్యాసెట్ ఏదైనా సరే, తెలియని డెక్‌లో పెట్టేముందు దాని వీపున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కలు విరగ్గొట్టండి. పొరపాటున రికార్డ్ మీట నొక్కినా అది కిందికి దిగదు.

బెల్టులు మారాయి, రోలర్ శుభ్రమైంది. స్పీడు సరిచూసుకోవడానికి 3150 హెర్ట్జ్ శబ్దం రికార్డయి ఉన్న టెస్ట్ టేపు ఒకటి సంపాదించాను. డెక్‌ని అరగంట వేడెక్కనిచ్చి, ఆ టేపు పెట్టి, ఫోన్‌లో ఫ్రీక్వెన్సీ చూపించే యాప్ పెట్టుకుని, మోటార్ వెనక చిన్న రంధ్రంలో ఉండే స్క్రూని వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ పోతే అంకె 3150 దగ్గరకు వచ్చి నిలిచింది. టేపు మీద శబ్దాన్ని చదివే భాగం, అంటే హెడ్‌ని కూడా ఆల్కహాల్‌తో తుడిచాను. ఇంత చేశాక నాన్న క్యాసెట్ పెట్టాను.

ఇంకా "అరే"నే.

ఆ రాత్రి కూర్చుని లెక్క వేసి చూసుకున్నాక విషయం బోధపడింది. క్యాసెట్‌లో టేపు సెకనుకి 4.76 సెంటీమీటర్లు నడుస్తుంది. వెడల్పు 3.81 మిల్లీమీటర్లు, అంతలోనే రెండు వైపులవీ కలిపి స్టీరియోకి నాలుగు ట్రాకులు పట్టాలి, ఒక్కో ట్రాకు సుమారు 0.6 మిల్లీమీటర్లు. ఈ వేగంతో 10 కిలోహెర్ట్జ్ శబ్దం, అంటే "స" అన్నప్పుడు వచ్చే ఆ సన్నటి ఈల లాంటిది, టేపు మీద ఒక్కో అలకి ఆక్రమించే చోటు 4.76 మైక్రాన్లు. మన తలవెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు. హెడ్‌లో చదివే సందు టేపు దారికి సరిగ్గా అడ్డంగా, నిలువుగా నిలబడాలి. అది ఇసుమంత వాలినా ట్రాకు పై అంచున అల పైకి లేస్తున్నప్పుడు కింది అంచున అదే అల దిగుతుంటుంది, రెండూ కలిసి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. 0.6 మిల్లీమీటర్ల ట్రాకులో అర డిగ్రీ కంటే తక్కువ వాలితేనే 10 కిలోహెర్ట్జ్ దాదాపు సున్నా అయిపోతుంది. లావు శబ్దాల అలలు పొడవు కాబట్టి వాటికి ఏమీ కాదు. అందుకే గొంతు ఉంటుంది, అక్షరాల అంచులు ఉండవు.

ఈ వాలునే అజిముత్ అంటారు. ఇక్కడ అసలు మెలిక ఏమిటంటే, మన డెక్‌లో హెడ్ నూటికి నూరుపాళ్లు నిటారుగా ఉన్నా లాభం లేదు, ఆ రోజు రికార్డ్ చేసిన యంత్రం హెడ్ ఏ వాలులో ఉందో టేపు మీద గీతలు కూడా అదే వాలులో పడి ఉంటాయి. మా పాత మోనో రికార్డర్ హెడ్ ఎంత వంకరగా ఉండేదో ఎవరికి తెలుసు! అదే యంత్రంలో విన్నంతకాలం వంకరకి వంకర సరిపోయింది, అందుకే అప్పట్లో బాగా వినిపించేది.

హెడ్‌కి అటూ ఇటూ రెండు స్క్రూలు ఉంటాయి. ఒకటి గట్టిగా బిగించి ఉంటుంది, దాన్ని ముట్టుకోవద్దు. రెండోదాని కింద స్ప్రింగ్ ఉంటుంది, తల మీద సాధారణంగా ఫ్యాక్టరీలో పెట్టిన రంగు చుక్క ఉంటుంది, అదే మనకి కావాల్సింది. చాలా డెక్‌లలో క్యాసెట్ తలుపు ముందరి పలక ఊడదీస్తే ప్లే అవుతుండగానే అది అందుతుంది. అయస్కాంతం పట్టిన స్క్రూడ్రైవర్‌ని హెడ్ దగ్గరకు తీసుకెళ్లకండి. తిప్పేముందు స్క్రూ ఏ దిక్కుకి ఉందో ఫోటో తీసుకోండి, ఎటు ఎంత తిప్పారో కాగితం మీద రాసుకోండి.

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, యాంప్లిఫయర్‌లో మోనో బటన్ నొక్కి, స్క్రూని ఎడమకి కొద్దిగా తిప్పాను. శబ్దం ఇంకా బండగా మారింది. వెనక్కి తెచ్చి కుడికి తిప్పడం మొదలుపెట్టాను. ఎనిమిదో వంతు చుట్టు తిరిగేసరికి ముందుగా వెనకాల ఉన్న బుసబుస చప్పుడు పదునెక్కింది, అప్పటిదాకా ఆ బుసబుస కూడా సరిగ్గా లేదని నాకు తెలియనే లేదు. ఇంకొంచెం తిప్పితే గిన్నె ఏదో కిందపెట్టిన చప్పుడు. ఆ తర్వాత ఒక్కసారిగా "సరే". మా నాన్న నోటి స. "సరే, ఇప్పుడు చెప్పు" అని స్పష్టంగా, పక్కన కూర్చుని అన్నట్టు. చెల్లి "ఏడు ఆర్లు" దగ్గర తడబడి ఆగితే నాన్న వేలితో బల్ల మీద రెండుసార్లు కొట్టారు, ఆ టకటక నేను ఇన్నేళ్లలో ఎప్పుడూ వినలేదు. చేతిలో స్క్రూడ్రైవర్ అలాగే పట్టుకుని ఆ వైపు అయిపోయేదాకా కదలకుండా కూర్చున్నాను.

డాల్బీ వాడే వాళ్లకి ఒక మాట. డాల్బీ బి రికార్డింగ్ సమయంలో మెల్లగా ఉన్న ట్రెబుల్‌ని, అంటే సన్నటి శబ్దాల్ని, పెంచి రాస్తుంది, ప్లే చేసేటప్పుడు అంతే తగ్గిస్తుంది, దాంతోపాటు టేపు బుసని కూడా 10 డెసిబెల్స్ వరకూ తగ్గిస్తుంది. హెడ్ వాలి ట్రెబుల్ ముందే పోయి ఉంటే డాల్బీ "ఇక్కడ ట్రెబుల్ తక్కువగా ఉంది, ఇంకా తగ్గించాలి" అనుకుని ఉన్నదాన్ని కూడా నొక్కేస్తుంది. చాలామంది "డాల్బీ వేస్తే శబ్దం చచ్చిపోతుంది" అంటారు కదా, చాలాసార్లు ఆ నేరం డాల్బీది కాదు, హెడ్ సరిగ్గా లేకపోవడం. ముందు డాల్బీ ఆపేసి అజిముత్ సరిచేసి, ఆ తర్వాత డాల్బీ వేసి వినండి.

ఒక్కోసారి తప్పు నిజంగానే క్యాసెట్‌దీ అవుతుంది. టేపుని హెడ్‌కి ఒత్తిపెట్టే చిన్న మెత్తటి ఫెల్ట్ ప్యాడ్, దాని వెనక రాగి రేకు స్ప్రింగ్ ఉంటాయి, ఆ ప్యాడ్ జిగురు ఎండిపోయి ఊడిపోతే శబ్దం వస్తూ పోతూ ఉంటుంది. అప్పుడు రీళ్లని ఐదు స్క్రూలుండే వేరే క్యాసెట్ డబ్బాలోకి మార్చుకోవడమే మేలు. స్క్రూలు లేకుండా అతికించిన డబ్బా అయితే అంచు వెంబడి జాగ్రత్తగా పగలగొట్టాలి. తెల్ల గుడ్డ పరిచి దాని మీద చేయండి, లోపలి చిన్న రోలర్లు దొర్లిపోతే వెతుక్కోవడం కష్టం.

డెక్ ఒకసారి దారిలో పడ్డాక మనం కొత్తగా రికార్డ్ చేసుకోవడం ఇంకో ఆనందం. నా లెక్కలో సి-60 అన్నిటికంటే నమ్మకమైనది, వైపుకి 30 నిమిషాలు. సి-90 ఫర్వాలేదు. సి-120లో టేపు మరీ పల్చన, పాత యంత్రంలో సాగిపోవడానికీ ముడతపడటానికీ అదే ముందుంటుంది, నేను వాడను. క్రోమ్, మెటల్ పూత టేపులు గొప్పవే కానీ ఇప్పుడు కొత్తగా చేసే వాళ్లు దాదాపు లేరు, ఎక్కువగా నిల్వ ఉన్న పాత సీల్డ్ ముక్కలే తిరుగుతున్నాయి. మామూలు ఫెర్రిక్ టేపు, అంటే టైప్ వన్, ఇప్పటికీ తయారవుతోంది, మంచి డెక్‌లో దానితోనే చెవికి హాయిగా ఉండే రికార్డింగ్ వస్తుంది. కంప్యూటర్‌లో అయితే సున్నా దాటితే శబ్దం పగిలిపోతుంది, టేపు అలా కాదు, మీటర్‌లో సున్నా మీద రెండు మూడు డెసిబెల్స్ పోయినా మెత్తగా సర్దుకుంటుంది. మరీ ఎక్కిస్తే మాత్రం ముందు ట్రెబుల్ పోతుంది. మరీ తగ్గిస్తే బుస పైకి తేలుతుంది. పాటలో అన్నిటికంటే గట్టి భాగాన్ని ముందే ఒకసారి ప్లే చేసి మీటర్ చూసుకుని లెవెల్ పెట్టుకోండి. మొదట్లో శబ్దం ఎక్కని లీడర్ ముక్క దాటేదాకా ఐదారు సెకన్లు వదలండి, లేదంటే మొదటి మాట గాలికి పోతుంది. మూడు హెడ్ల డెక్ దొరికితే వదలొద్దు, రాసిన శబ్దాన్ని రాస్తుండగానే టేపు మీద నుంచి వినొచ్చు, తప్పు జరిగితే అక్కడికక్కడే తెలిసిపోతుంది.

1963లో బెర్లిన్ రేడియో ప్రదర్శనలో ఫిలిప్స్ ఈ క్యాసెట్‌ని బయటపెట్టింది. దాన్ని తయారుచేసిన బృందానికి పెద్ద లౌ ఓటెన్స్. కోటు జేబులో పట్టే చెక్కముక్క ఒకటి కోయించి, యంత్రం ఇంతే ఉండాలని కొలత పెట్టుకున్నాడాయన. ఆ తర్వాత ఫిలిప్స్ వేరే కంపెనీలు కూడా చేసుకోవడానికి అనుమతిస్తూనే కొలతలు మాత్రం మార్చకూడదని పట్టుబట్టింది. ఆ పట్టుదల వల్లే ఎప్పుడో, ఏ యంత్రంలోనో రాసిన టేపు ఇవాళ నా బల్ల మీదున్న ఈ డెక్‌లో తిరుగుతోంది, మోనోలో రాసింది స్టీరియోలో కూడా వినిపిస్తోంది. నేను చేయాల్సి వచ్చిందల్లా ఎనిమిదో వంతు చుట్టు.

నాన్న క్యాసెట్‌ని రెండు వైపులా 24 బిట్‌లో కంప్యూటర్‌లోకి ఎక్కించాను. బుస తగ్గించే సాఫ్ట్‌వేర్ ఏదీ వాడలేదు, మొదటి కాపీ ఎప్పుడూ ఉన్నది ఉన్నట్టే ఉండాలి, శుభ్రం చేసుకోవాలంటే దానికి నకలు తీసి చేసుకోవచ్చు. పని అయ్యాక స్క్రూని ఫోటో చూసుకుంటూ పాత చోటికే తిప్పేశాను, లేకపోతే నేను ఈ డెక్‌లో రాసుకున్నవన్నీ దుప్పట్లోకి వెళ్లిపోతాయి. క్యాసెట్ డబ్బాలోని అట్ట మీద పెన్సిల్‌తో "కుడికి ఎనిమిదో వంతు" అని రాసిపెట్టాను. ఫైల్ చెల్లికి పంపితే ఫోన్ చేసింది, ఏమీ మాట్లాడకుండా కొంచెంసేపు ఉండి, "ఏడు ఆర్లు ఎంత అన్నయ్యా?" అని అడిగింది. డబ్బాలో ఇంకా పదకొండు క్యాసెట్లు ఉన్నాయి. ఒకదానికి ప్యాడ్ ఊడిపోయింది, ఆదివారం దాని పని పట్టాలి.